దూరమున నున్న గురువు

గురువు ఎదుట శిష్యుడు కూర్చుండి పాఠము వినుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న పద్ధతి. ఎదుట నున్నవానికి పాఠము తెలిసినదో లేదో గురువునకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. తెలియని బాలుని కనుబొమలు ముడివడును. తెలిసినవాని మోము విప్పారును. ఉదయమున గంజియైనను త్రాగక వచ్చినవాడు మాటిమాటికి కిటికీవైపు చూచుచుండును. అనుభవము గల ఉపాధ్యాయుడు ఈ గుర్తులను కనిపెట్టి పాఠమును ఒక అడుగు వెనుకకు త్రిప్పును, ఒక్కొక్కప్పుడు పుస్తకము మూసి, "ఏమిరా, అన్నము తిని వచ్చితివా?" అని యడుగును.

ఈ కాలమున విద్యార్థులకు మరియొక విధమైన గురువు లభించుచున్నాడు. బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగము చేయుచున్న తెలుగువారు కొందరు తీరికవేళలందు తమ ప్రాంతపు పిల్లలకు సెల్‌ఫోను ద్వారా చదువు చెప్పుచున్నారు. ముందు ఏ చదువు చదువవలెనో సలహా నిచ్చుచున్నారు. పరీక్ష తప్పినవారికి ధైర్యము చెప్పుచున్నారు. దీనిని ఆన్‌లైను మార్గదర్శనమని వ్యవహరింతురు. ఇది మంచి పనియే. కాని ఈ గురుశిష్యులు ఒకరి ముఖ మొకరు చూచుట అరుదు. చూచినను అరచేతి యంత తెరపై చూడవలసినదే. సిగ్నలు సరిగా లేనిచో ఆ ముఖము కూడ నడుమ కదలక నిలిచిపోవును. తరచుగా మిగులునవి అక్షరములు మాత్రమే. అక్షరములను చూచి అవతలివాని మనసు తెలిసికొనుట ఎట్లు?

ఈ ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. నూరేండ్లకు పూర్వము, 1913వ సంవత్సరమున, మద్రాసునకును ఇంగ్లండులోని కేంబ్రిడ్జికిని నడుమ నడచిన కొన్ని లేఖలలో ఈ ప్రశ్న కలదు. దానికి ఇద్దరు మనుష్యులు తడవుకొనుచు వెదకిన సమాధానము కూడ కలదు. ఆ యిద్దరు శ్రీనివాస రామానుజన్, జి. హెచ్. హార్డీ. వారు వ్రాసికొన్న గణితము ఎనిమిదవ తరగతివారికి బోధపడదు. పట్టభద్రులలో సైతము చాలమందికి బోధపడదు. కాని ఆ లేఖలలోని మనుష్యులు ఎవరికైనను బోధపడుదురు.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించి కుంభకోణములో పెరిగెను. లెక్కలయందే మనసు లగ్నమై తక్కిన విషయములను విడిచిపెట్టినందున ఆతనికి కళాశాలలో విద్యార్థివేతనము పోయెను, ఎఫ్.ఏ. పరీక్షలో నెగ్గలేదు. పట్టము లేనివానికి ఉద్యోగ మెవ్వ రిత్తురు? తాను కనుగొన్న సూత్రములు వ్రాసిన నోటుపుస్తకమును చంకబెట్టుకొని ఆతడు పెద్దలను ఆశ్రయింప దిరుగుచుండెను.

ఆ దినములలో నెల్లూరు జిల్లాకు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావు గణితాభిమాని. ఆయన బంధువొకడు రామానుజన్‌ను ఆయన కడకు తీసికొని వచ్చెను. చిరిగిన నోటుపుస్తకము, గీయని గడ్డము, అంత శుభ్రముగా లేని వేషము, మెరయుచున్న కన్నులు! ఎంత పెద్దరికముతో తాను ఆ యువకుని లోనికి రానిచ్చెనో రామచంద్రరావు తరువాత దాచక చెప్పుకొనినాడు. మొదట ఆయనకు ఆ సూత్రములు ఏమియు తెలియలేదు. రామానుజన్ విసుగుకొనక తేలికయైన ఫలితములు ముందు చూపి, మెట్టు మెట్టుగా ఆయనను పైకి గొనిపోయెను. చిత్రమేమనగా, ఆ గదిలో గురువు ఎవరో శిష్యుడు ఎవరో చెప్పుట కష్టము. "నీకేమి కావలెను?" అని కలెక్టరు అడిగెను. పరిశోధన సాగించుకొనుటకు బ్రదుకు గడచునంత చాలునని ఆతని జవాబు. అప్పటినుండి కొంతకాలము రామచంద్రరావు నెలకు 25 రూపాయల చొప్పున సాయము చేసెను. ఊరక యితరుల సొమ్ము తినుట యిష్టము లేక రామానుజన్ 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో గుమాస్తాగా చేరెను.

ఇవి ఎదుటపడి జరిగిన సంగతులు. ఇక లేఖల సంగతి.

1912 చివర మద్రాసు ఇంజనీరింగు కళాశాలలోని ఆచార్యుడు గ్రిఫిత్, రామానుజన్ వ్రాతలను లండనులోని తన పూర్వగురువు హిల్‌కు పంపెను. హిల్ దయతోనే జవాబు వ్రాసెను. ఈ యువకునికి గణితాభిరుచి కలదు గాని అనంతశ్రేణుల విషయమున తెలియక గోతులలో పడుచున్నాడనియు, ఫలానా పుస్తకము చదువవలెననియు దాని సారాంశము. అందు అబద్ధ మేమియు లేదు. అయినను ఆ లేఖ రామానుజన్ మనసులో ముల్లై నాటుకొన్నట్లు తరువాతి సంగతులు చెప్పుచున్నవి. కేంబ్రిడ్జిలోని మరి యిద్దరు గణితవేత్తలకు కూడ ఆతడు వ్రాసెననియు, వారు సాయపడలేదనియు చెప్పుదురు.

1913 జనవరి 16వ తేదీన ఆతడు ట్రినిటీ కళాశాలలోని హార్డీకి వ్రాసెను. తాను ఏడాదికి కేవలము 20 పౌనుల జీతము గల గుమాస్తాననియు, విశ్వవిద్యాలయ విద్య తనకు లేదనియు, వయస్సు సుమారు 23 ఏండ్లనియు చెప్పుకొనెను. నిజమునకు అప్పటికి 25 నిండినవి! తాను బీదవాడు గనుక, ఈ సూత్రములందు విలువ యున్నచో వానిని అచ్చువేయింపుడని కోరెను. ఈ మొదటి లేఖలలో ఆతడు పంపినవి సుమారు 120 సూత్రములు. ఒక్కదానికైనను నిరూపణ లేదు.

హార్డీ దానిని చదివి మొదట మోసమేమో యని అనుమానించెను. ఆ సాయంకాలము తన స్నేహితుడైన లిటిల్‌వుడ్‌తో కూడి మరల పరిశీలించెను. కొన్ని సూత్రములు పాతవి; కొన్ని కష్టపడినచో సాధింపదగినవి; కొన్ని తా నెన్నడును కనివిని యెరుగనివి. ఇవి నిజములు కాకున్నచో, వీనిని కల్పింపగల ఊహాశక్తి ఎవనికిని ఉండదని హార్డీ తీర్మానించుకొనెను. జవాబు వ్రాయుటకు ముందే లండనులోని ఇండియా ఆఫీసునకు రామానుజన్‌ను గూర్చి తెలియజేసెను. ఫిబ్రవరి 8వ తేదీన జవాబు వ్రాసెను.

ఆ జవాబులో ప్రశంస కలదు. కాని ప్రశంసతో సరిపుచ్చలేదు. సూత్రములను మూడు తెగలుగా విడదీసి, ఇవి లోకమునకు తెలిసినవి, ఇవి చిత్రమైనవి, ఇవి క్రొత్తవియు ముఖ్యమైనవియు అని వివరించెను. నిరూపణలు చూడనిదే విలువ కట్టలేననియు, వెంటనే పంపుమనియు కోరెను. చదువక పొగడిన పొగడ్త ఎంత తీయనిదైనను చదువుకొన్నవానికి తెలిసిపోవును. తన కాగితములను ఒక మనుష్యుడు ఒక్కొక్క పంక్తిగా చదివినాడని రామానుజన్‌కు ఈ లేఖవలన తెలిసెను. అట్టి పాఠకుడు ఆతనికి అదివరకు లేడు.

ఫిబ్రవరి 27వ తేదీన ఆతడు వ్రాసిన లేఖ మిక్కిలి గమనింపదగినది. తన శ్రమను సానుభూతితో చూచు స్నేహితుడు దొరికెనని సంతోషించెను. కాని నిరూపణల పద్ధతిని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పెను. చెప్పినచో హార్డీయు ఆ లండను ఆచార్యునివలెనే తలచునని ఆతని భయము. తన సిద్ధాంతము ప్రకారము 1+2+3+4 అని అంతులేక కూడుకొని పోయినచో మొత్తము మైనస్ పండ్రెండవ వంతు అగునని వ్రాసి, ఇట్లు చెప్పినచో మీరు వెంటనే నాకు పిచ్చియాసుపత్రి త్రోవ చూపుదురని అనెను. మామూలు కూడికలో ఇది అసంగతమే. అంతులేని కూడికకు వేరొక విధముగ అర్థము చెప్పుకొన్నచో నిలుచు మాట అది. ఆ యర్థమును నాలుగు పంక్తులలో ఇమిడ్చి చెప్పు భాష ఆతనికి చేతకాలేదు. కావున, ముందు నా ఫలితములను మీ పద్ధతులతో సరిచూడుడు. సరిపోయినచో నా పునాదియందు కొంత సత్య ముండవచ్చునని ఒప్పుకొనుడు, అని ప్రార్థించెను.

ఆ లేఖలోనే మరియొక మాట కలదు. తాను సగము పస్తులతో నున్నాడనియు, మెదడు నిలుపుకొనుటకు ముందు అన్నము కావలెననియు, హార్డీ సానుభూతితో ఒక లేఖ వ్రాసినచో ఇచ్చట విద్యార్థివేతనము దొరకుననియు ఆతడు దాచక వ్రాసెను. గణితము అడిగినవానికి ఆకలి జవాబు! ఎదుట నున్నచో ఆ సంగతి ముఖము చూచియే తెలిసియుండును. ఏడు సముద్రముల కావల నున్నవానికి వ్రాసి చెప్పవలసినదే. సిగ్గు విడిచి చెప్పుట కూడ ఒక ధైర్యము.

ఈ లేఖ కేంబ్రిడ్జి చేరిన పిమ్మట కథ అడ్డము తిరుగవలసినది. నిరూపణలు అడిగినను పంపలేదు. కారణము చెప్పినను తృప్తికరముగా లేదు. లిటిల్‌వుడ్ మనసున ఒక శంక పుట్టెను: తన పద్ధతిని హార్డీ అపహరించునేమో యని ఈ యువకుడు భయపడుచున్నాడా? దూరముననుండి చూచినచో అట్టి శంక పుట్టుట వింత కాదు. మౌనమునకు కారణము తెలియనప్పుడు మనుష్యుడు తన మనసులోని కారణమును అవతలివానికి అంటగట్టును. లేఖ సముద్రము దాటుటకు రెండు మూడు వారములు పట్టెడిది. అనుమానము పెరుగుటకు అంత వ్యవధి చాలును.

హార్డీ ఆ శంకను లోపల పెట్టుకొనలేదు. జవాబు తగ్గించి, మాట పొడిగా చేసి, క్రమముగా ఊరకుండలేదు. మార్చి 26వ తేదీన ఆ మాటను ఉన్నదున్నట్లు వ్రాసెను. నీవు కనుగొన్న దేమో నేను స్పష్టముగా చెప్పిన నా లేఖలు మూడు నీ కడ నున్నవి. నేను నీ ఫలితములను అక్రమముగా వాడుకొన్నచో నన్ను లోకమున బయటపెట్టుట నీకు సులభము. నీ ప్రతిభకు తగిన అవకాశము కల్పింపవలెనన్న ఆతురత లేకున్నచో ఇంత మొరటుగా వ్రాయను, క్షమింపుము — ఇది ఆ మాటల తాత్పర్యము. తనపై ప్రయోగింపదగిన ఆయుధమును తానే శిష్యుని చేతికిచ్చుట ఇందలి విశేషము. అయినను లేఖ మొరటుదే. "నీవు దేనికి జంకుచున్నావు?" అని ముందుగ ఒక్క ప్రశ్న అడిగియున్నచో రామానుజన్‌కు ఆ నొప్పి తప్పియుండును. హార్డీ అడుగలేదు; ఊహించెను. ఆ ఊహ తప్పు.

ఏప్రిల్ 17వ తేదీ లేఖలో రామానుజన్ తనకు కొంచెము బాధ కలిగెనని ఒప్పుకొనెను. తన పద్ధతిని ఇతరులు వాడుకొందురన్న భయము తనకు లేశమును లేదు. ఎనిమిదేండ్లుగా ఆ పద్ధతి తన కడ నున్నను దానిని మెచ్చువా డొక్కడును కనబడలేదు. మెచ్చువాడు దొరికినప్పుడు దాచుట యెందుకు? అది మరీ క్రొత్తదగుటచేతనే తనకు జంకు. తనకున్న కొద్దిపాటిని సంకోచము లేక హార్డీ చేతిలో పెట్టుటకు సిద్ధమని ఆతడు వ్రాసెను. దొంగతనపు భయమని కేంబ్రిడ్జిలో తలచినది మద్రాసులో నవ్వులపాలగుదునన్న భయము! ఉన్నదున్నట్లు వ్రాసినందుననే ఆ తేడా మూడు వారములలో బయటపడెను.

అదే లేఖలో మంచి వార్తయు కలదు. వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ సిఫారసు చేయగా మద్రాసు విశ్వవిద్యాలయము రామానుజన్‌కు రెండేండ్లపాటు నెలకు 75 రూపాయల విద్యార్థివేతనము మంజూరు చేసెను. మే నెలనుండి ఆతడు గుమాస్తా కాడు. ట్రినిటీనుండి వచ్చిన ఉత్తరమును చూచిన పిమ్మట మద్రాసులోని పెద్దలు ఆతనిని వేరు కన్నులతో చూచిరి.

ఇప్పటి సెల్‌ఫోను గురువునకు మూడు వారములు వేచియుండు పని లేదు. అయినను అనుమానము నిమిషములోనే పుట్టును. ఒక పల్లెలోని బాలిక లెక్కలలో తనకు సాయము చేయుచున్నవారికి వారము దినములు జవాబు వ్రాయదు. మెసేజి చదివినట్లు రెండు నీలి గీతలు కనబడును, మారుమాట లేదు. "ఈ పిల్లకు శ్రద్ధ లేదు" అని ఆయన తలచును. ఆ యింటికంతకును ఫోను ఒక్కటే. అది ప్రొద్దున తండ్రితో పొలమునకు పోవును. ఆ మెసేజిని తెరచినది ఆమె అన్నయేమో! లేక తానే తెరచి, లెక్క తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడి ఫోను పక్కన పెట్టినదేమో! "బాగా చదువమ్మా, నీవు తప్పక గెలుతువు" అని ఆయన మరల పంపినచో ఆ సిగ్గు రెట్టింపగును. "అమ్మా, ఫోను నీకు ఏ వేళకు దొరకును? మూడవ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగితివి?" అని పంపినచో ఆమెకు వ్రాయదగిన జవాబు కలదు. ఆ బాలికయు, "సార్, నాకు లెక్కలు రావు" అని వ్రాయుటకన్న, "సార్, సమీకరణమును ఇవతలికి త్రిప్పునప్పుడు గుర్తు ఎందుకు మారునో తెలియలేదు" అని వ్రాసినచో దూరమున నున్న గురువునకు ఆమె ముఖము కొంత కనబడును.

తప్పును తప్పని చెప్పుటలో హార్డీ వెనుదీయలేదు. 2, 3, 5, 7 మొదలగు ప్రధాన సంఖ్యలు ఒక అవధిలోపల ఎన్ని యుండునో కనుగొనుటకు రామానుజన్ ఒక పద్ధతి కల్పించి, అది మిక్కిలి ఖచ్చితమైనదని నమ్మెను. అది పొరపాటు. హార్డీ దోషమును చూపి, విమర్శవలన నిరుత్సాహము చెందవద్దనియు, వాదము మిక్కిలి చమత్కారమైనదనియు, దానిని నిజముగ సాధించియున్నచో గణిత చరిత్రలోనే అంతటి ఘనకార్యము మరియొకటి ఉండబోదనియు వ్రాసెను. ఇది ఓదార్పు మాట కాదు. ఆ వైఫల్యము ఆతని విజయములకన్న ఒక విధముగ ఆశ్చర్యకరమని ఆయన అనేక సంవత్సరముల పిమ్మట కూడ వ్రాసెను.

రామానుజన్ మొదట సముద్రయానమునకు ఒప్పుకొనలేదు. ఆచారము, పెద్దల యిష్టము అడ్డు. హార్డీ లేఖలు మానలేదు. 1914 ఆరంభమున ఉపన్యాసము లిచ్చుటకు మద్రాసు వచ్చిన ట్రినిటీ గణితవేత్త నెవిల్ ఆతనిని కలిసికొని నోటుపుస్తకములను చూచెను. ప్రయాణపు మాట ఎత్తినప్పుడు ఆతడు సిద్ధముగా నున్నట్లు తెలిసి ఆశ్చర్యపడెను. విశ్వవిద్యాలయము ఏడాదికి 250 పౌనులు ఇచ్చుటకు అంగీకరించెను. మార్చి 17వ తేదీన ఆతడు ఓడ ఎక్కెను.

కేంబ్రిడ్జిలో గురుశిష్యు లిద్దరును దినదినము ఎదురెదుట కూర్చుండిరి. రామానుజన్‌కు తెలియని అంశములు కొన్ని సామాన్య విద్యార్థులకు సైతము తెలిసినవే. వానిని నేర్పవలెను, కాని క్రమపాఠములతో బిగించినచో ఆతని ఆత్మవిశ్వాసము చెడునేమో, స్ఫూర్తి తొలగిపోవునేమో యని హార్డీకి భయము. కావున అవసరమైనంత నేర్పి తక్కినది విడిచిపెట్టెను. ఆతనికి తాను నేర్పినదానికన్న ఆతనివలన తాను నేర్చినది ఎక్కువ యని ఆయన చెప్పుకొనెను.

కాని ఒక విషయము చూడుడు. దూరమున నున్నప్పుడు మనసులోని శంకను సైతము వ్రాసిన హార్డీ, దగ్గర నున్నప్పుడు చాల సంగతులు అడుగనే లేదు. రామానుజన్ ఏ పుస్తకములు చదివెనో, ఏ సూత్రము ఎట్లు స్ఫురించెనో ఒక్క మాట అడిగినచో చాలును. దినమునకు ఆరు క్రొత్త సూత్రములు తెచ్చి చూపువానిని పాత సూత్రమును గూర్చి విసిగించుట బాగుండదని ఊరకుండెను. 1936లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, అడుగనందుకు ఇప్పుడు విచారించుచున్నానని ఆయన ఒప్పుకొనెను. అప్పటికి అడుగుటకు ఆ మనిషి లేడు. ఎదుట నున్నవానిని తెలిసికొన్నామనుకొనుట సులభము. ముఖము కనబడుచున్నది గదా!

యుద్ధకాలమున ఇంగ్లండులో శాకాహారము దొరకుట కష్టమయ్యెను. 1917 నుండి రామానుజన్ ఆరోగ్యము చెడి ఆసుపత్రుల పాలయ్యెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ ఫెలోషిప్పును లభించినవి. 1919లో ఆతడు స్వదేశమునకు తిరిగి వచ్చెను. ఇద్దరి నడుమ మరల సముద్రము.

1920 జనవరి 12వ తేదీన రామానుజన్ మద్రాసునుండి హార్డీకి ఒక లేఖ వ్రాసెను. అదివరకు ఒక్క ఉత్తరమైనను వ్రాయనందుకు మిక్కిలి చింతించుచున్నానని చెప్పి, వెంటనే ఇటీవల కనుగొన్న వింత ప్రమేయములలోనికి దిగెను. వానికి తానే 'మాక్ థీటా' యని పేరు పెట్టి, ఉదాహరణములు వరుసగా వ్రాసెను. ఏడేండ్ల క్రిందటి మొదటి లేఖలోవలెనే వానికి నిరూపణలు వ్రాయలేదు. ఏప్రిల్ 26వ తేదీన ఆతడు మద్రాసులో కన్ను మూసెను. అప్పటికి వయస్సు 32 ఏండ్లు.